ముగ్గురు మనుషులు, 60 రోజులు: రిమ్‌వరల్డ్‌లో మొదటి ఏడాది గట్టెక్కేదెలా?

రిమ్‌వరల్డ్ కొత్తగా మొదలుపెట్టినవాళ్లు నన్ను అడిగే మొదటి ప్రశ్న తుపాకుల గురించే. ఏ గన్ మంచిది, గోడ ఎంత మందం ఉండాలి, దొంగలొస్తే మనవాళ్లని ఎక్కడ నిలబెట్టాలి.. ఇవే. నేను తిరిగి ఒకటే అడుగుతాను: మీవాళ్లు అన్నం ఎక్కడ కూర్చుని తింటున్నారు? చాలామంది దగ్గర సమాధానం ఉండదు. గోడలు కట్టారు, ముళ్ల ఉచ్చులు పెట్టారు, భోజనానికి బల్ల మాత్రం వెయ్యలేదు. మనుషులు పొలంలో వానకి తడుస్తూ నిలబడి తింటున్నారు. "అదేమంత పెద్ద విషయం?" అంటారు. ఈ గేమ్‌లో కాలనీ పతనం మొదలయ్యేది సరిగ్గా అలాంటి చోటే.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. రిమ్‌వరల్డ్ ఒక కాలనీ సిమ్యులేషన్ గేమ్. తయారుచేసింది లుడియన్ స్టూడియోస్, దాని వెనకున్న మనిషి టైనన్ సిల్వెస్టర్. 2013లో కిక్‌స్టార్టర్‌లో జనం దగ్గర డబ్బు పోగేసి, 2018 అక్టోబరులో 1.0 వెర్షన్ విడుదల చేశారు. ఇది ఫోన్ గేమ్ కాదు. కంప్యూటర్‌లో, కన్సోల్‌లో ఆడేది. ఖరీదైన గ్రాఫిక్స్ కార్డు లేకపోయినా మామూలు లాప్‌టాప్ సరిపోతుంది. కథ సింపుల్: అంతరిక్ష నౌక ముక్కలై ముగ్గురు మనుషులు, ఒక పెంపుడు జంతువు ఊరూపేరూ లేని గ్రహం మీద పడతారు. దొంగలొచ్చినప్పుడు తప్ప వాళ్లని మీరు చెయ్యి పట్టి నడిపించరు. ఏ పని ముందు, ఏది తర్వాత అని చెబుతారు, అంతే. మిగతాదంతా వాళ్ల ఆకలి, నిద్ర, ఒంటినొప్పి, స్నేహం, పగ నిర్ణయిస్తాయి.

నౌక కట్టుకుని ఆ గ్రహం నుంచి బయటపడటం అసలు గమ్యం. అది చాలా దూరం. కొత్తవాళ్లు దాన్ని మర్చిపోండి. ఒక్క ఏడాది పెట్టుకోండి లక్ష్యంగా. ఆ గ్రహం మీద ఏడాదంటే 60 రోజులే. 15 రోజులకొకటి చొప్పున నాలుగు భాగాలు, పేర్లు కూడా గమ్మత్తుగా ఉంటాయి: ఏప్రిమే, జుగస్ట్, సెప్టోబర్, డిసెంబరీ. మొదట దిగిన ఆ ముగ్గురూ మళ్లీ ఏప్రిమే వచ్చేసరికి ప్రాణాలతో ఉంటే మీకు ఆట వచ్చినట్టే లెక్క.

దొంగలకి దారి చూపించేది మీ గోదామే

మా హాస్టల్‌లో జూనియర్ ఒకడున్నాడు. చెయ్యి తిరిగిన ఆటగాడు, షూటింగ్ గేమ్స్‌లో మమ్మల్నందర్నీ ఓడిస్తాడు. రిమ్‌వరల్డ్‌లో 20 రోజులకే పాలరాయి ఫ్లోరింగ్, ఒక్కొక్కరికి పెద్ద బెడ్‌రూమ్, గోదాం నిండా వెండి, బంగారం, దొరికిన ప్రతి తుపాకీ పోగేశాడు. చూడ్డానికి ముచ్చటగా ఉంది. తర్వాత వచ్చిన దాడిలో ఏడెనిమిది మంది దిగారు. ఇక్కడ ఉన్నది ముగ్గురు, వాళ్లలో ఒకరు ఆయుధం పట్టని రకం. పావుగంటలో అయిపోయింది. "గేమ్ మోసం చేసింది" అన్నాడు.

మోసమేం లేదు. దాడికి ఎంతమంది రావాలి అన్నది గేమ్ మీ కాలనీ ఆస్తి విలువని, మీ జనం సంఖ్యని చూసి లెక్క కడుతుంది. గోదాంలో ఉన్న సరుకు పూర్తి విలువకి లెక్కలోకి వస్తుంది, కట్టడాలు సగం విలువకి. అంటే మీరు మూల పడేసిన బంగారం, అక్కరకి రాని పదో తుపాకీ కూడా దొంగలకి ఉత్తరాలు రాస్తున్నట్టే.

ఇంకో తిరకాసు ఉంది. కాలనీ పేదగా ఉన్నప్పుడు మనుషుల ఆశలు కూడా తక్కువగా ఉంటాయి. "ప్రాణాలతో ఉన్నాం, చాలు" అనుకుంటారు. దానికి గేమ్ మూడ్‌లో మంచి బోనస్ ఇస్తుంది. ఆస్తి పెరిగేకొద్దీ ఆ బోనస్ తగ్గుతూ పోతుంది. నిన్నటిదాకా ఓర్చుకున్న ఇరుకు గది ఇవాళ గుచ్చుకుంటుంది. కాబట్టి ఆస్తి పెంచితే బయట శత్రువూ పెరుగుతాడు, లోపల అసంతృప్తీ పెరుగుతుంది. మొదటి ఏడాది నా సలహా ఒకటే: తిండి, మందు, గుడ్డ, నాలుగు గోడలు.. వీటి మీద పెట్టే ఖర్చు ఎంతైనా పెట్టండి. మిగతాది వద్దు. చేతిలో వెండి ఎక్కువైతే వచ్చిన వర్తకుడి దగ్గర మందులు కొనెయ్యండి.

దిగే ముందే సగం ఆట

స్టార్ట్ నొక్కేముందు చేసే నాలుగు ఎంపికలు చాలామంది చకచకా దాటేస్తారు. కాస్త ఆగండి.

మొదట కథకుడు. ఏ కష్టం ఎప్పుడు పంపాలో నిర్ణయించేది ఈ కథకుడే. ర్యాండీ ర్యాండమ్ జోలికి ఇప్పుడే పోకండి, వాడికి లెక్కాపత్రం ఉండదు. ఫీబీ చిల్లాక్స్ కష్టానికీ కష్టానికీ మధ్య బాగా గ్యాప్ ఇస్తుంది. కసాండ్రా క్లాసిక్ మెట్టు మెట్టుగా పెంచుకుంటూ పోతుంది. నేర్చుకోవడానికి నా ఓటు కసాండ్రాకే. దెబ్బ, ఊపిరి, మళ్లీ దెబ్బ.. ఆ లయ తెలిస్తే ఎప్పుడు ఏం సిద్ధం చేసుకోవాలో అర్థమవుతుంది. కష్టస్థాయి 'అడ్వెంచర్ స్టోరీ' పెట్టుకోండి, చాలు. సేవ్ చేసిన చోటు నుంచి మళ్లీ ఆడే వీలుండే మోడ్ తీసుకోండి. దానికి సిగ్గుపడాల్సిన పనిలేదు.

స్థలం: సమశీతోష్ణ అడవి, చిన్న గుట్టలు, పంట పండే కాలం ఏడాదిలో సగానికి పైన ఉండాలి. కొండ తొలుచుకుని లోపల ఇల్లు కట్టుకుందామనే ఆలోచన అందరికీ వస్తుంది. గోడలు కలిసొస్తాయి, నిజమే. కానీ మందపాటి కొండ కప్పు కింద ఉంటే భూమిలోంచి పురుగుల దండు లేస్తుంది, పడకగది మధ్యలోనే. మొదటి ఆటకి బయటే నయం.

ఇక మనుషులు. నైపుణ్యం అంకె పక్కన చిన్న మంట గుర్తు ఉంటుంది, దాన్ని చూడండి. మంట లేని పనిలో మనిషి నేర్చుకునే వేగం 35 శాతమే. ఒక మంట ఉంటే 100, రెండుంటే 150. ఇవాళ వంటలో 6 ఉండి మంట లేనివాడికన్నా, 4 ఉండి రెండు మంటలున్నవాడే ఏడాది చివరికి పనికొస్తాడు. ముగ్గురి మధ్యా వంట, వ్యవసాయం, కట్టుబడి, వైద్యం, గురి.. ఈ అయిదూ కవర్ కావాలి. నిప్పు పెట్టే పిచ్చి ఉన్నవాడిని ఎంత నైపుణ్యం ఉన్నా తీసుకోవద్దు. ఇల్లంతా చెక్కతో కట్టుకునే రోజుల్లో అలాంటివాడు ఒక్కడు చాలు.

తిండి లెక్క వేళ్ల మీద ఉండాలి

కింద పడగానే స్పేస్ బార్ నొక్కి ఆట ఆపేయండి. ఆపి ఆలోచించడం ఈ ఆటలో తప్పేమీ కాదు, ఆడే పద్ధతే అది.

మొదటి రోజు చెక్కతో ఒకే పెద్ద గది కట్టండి. ముగ్గురికీ మంచాలు అందులోనే, ఒక బల్ల, కుర్చీలు. సామాన్లు కూడా కప్పు కిందకి చేర్చండి, బయట వదిలేస్తే వానకి పాడవుతాయి. వేరువేరు గదులు నెమ్మదిగా కట్టుకోవచ్చు. నేల మీద పడుకుంటే మూడ్ 4 పడుతుంది, ఆరుబయట పడుకుంటే ఇంకో 4. బల్ల లేకుండా తింటే 3. పచ్చి తిండి తింటే 7. అన్నీ చిల్లర అంకెలే, కానీ నాలుగూ ఒకే మనిషి మీద పడితే 18. మూడ్ 35 శాతం కిందకి జారితే మనిషి అదుపు తప్పుతాడు. మొదట అలిగి గదిలో కూర్చుంటాడు, లేదా దిక్కూదరీ లేకుండా తిరుగుతాడు. ఇంకా జారితే సామాన్లు పగలగొడతాడు, చివరికి పక్కవాడి మీదే పడతాడు.

ఆ అలిగినవాడు వంటవాడైతే? ఆ పూట వంట లేదు. మిగతా ఇద్దరూ పచ్చి బియ్యం నములుతారు, వాళ్ల మూడ్ 7 పడుతుంది. దొంగలు రాకుండానే కాలనీ ఇలా కూలిపోవడం నేను చాలాసార్లు చూశాను. అందుకే ముందు బల్ల గురించి అడుగుతాను.

ఇప్పుడు పొలం. ఒక మనిషి రోజుకి దాదాపు రెండు పూటల భోజనం తింటాడు. ఒక మామూలు భోజనానికి 10 బియ్యం కావాలి. అంటే మనిషికి రోజుకి 20, ముగ్గురికి 60. అదే వండకుండా పచ్చిగా తింటే మనిషికి రోజుకి 32 దాకా పడుతుంది. వంట ఎంత ఆదా చేస్తుందో చూడండి. మామూలు నేలలో వరి అయిదున్నర రోజులకి కోతకొస్తుంది, మొక్కకి 6 బియ్యం. లెక్క కడితే మనిషికి సుమారు 20 గడుల వరి. ఇది ఏ రోజుకి ఆ రోజు సరిపోయే లెక్క మాత్రమే. చలికాలం 20 రోజులు పొలం పడుకుంటుందనుకుంటే 1200 బియ్యం నిల్వ ఉండాలి. కాబట్టి 60 గడులతో ఆగకుండా 120 వెయ్యండి.

వరితో ఇబ్బంది ఏంటంటే పని ఎక్కువ. విత్తు, కొయ్యి, మోసుకురా, మళ్లీ విత్తు. మొక్కజొన్నకి 21 రోజుల దాకా పడుతుంది కానీ ఒక్క మొక్కకి 22 వస్తాయి, చాకిరీ తక్కువ. అయితే ఆ 21 రోజుల్లో తెగులొచ్చినా, ముందే చలి పడినా చేతికొచ్చేది సున్నా. నేనైతే మొదటి రెండు కోతలు వరే వేయిస్తాను, గోదాంలో కాస్త ధైర్యం కనిపించాక సగం పొలం మొక్కజొన్నకి మారుస్తాను. నేల గులకరాళ్లమయం అయితే బంగాళాదుంప వెయ్యండి, చౌడు నేలకి అది పెద్దగా బాధపడదు.

వండిన భోజనం బయట పెడితే 4 రోజులు, మాంసం 2 రోజులు. కాబట్టి ఫ్రీజర్ తప్పదు. చిన్న గది, రెండు వరసల గోడ, ఒక తలుపు, గోడలో ఒక కూలర్. కూలర్ నీలం వైపు లోపలికి, ఎరుపు వైపు బయటికి ఉండాలి. ఉష్ణోగ్రత మీరే మైనస్ 5కి తగ్గించాలి, దానంతటది తగ్గదు. ఫ్రీజర్ పక్కనే వంటగది. జంతువుల్ని కోసే బల్ల మాత్రం వంటగదిలో పెట్టొద్దు, వేరే గదిలో పెట్టండి. ఆ మురికికి భోజనం విషమవుతుంది, వాంతులు చేసుకుంటూ పడుకున్న మనిషి దాడి రోజున లేవలేడు.

కరెంటు గురించి ఎక్కువ చెప్పను. జనరేటర్ చెక్కతో నడిచేదొకటి, సోలార్ ఒకటి ఉంటే మొదటి ఏడాదికి చాలు. బ్యాటరీలు కప్పు కిందే ఉండాలి, తడిస్తే షార్ట్ సర్క్యూట్. ఎప్పుడో ఒకరోజు తడవకపోయినా పేలుతుంది, నిల్వ ఉన్న కరెంటు ఎంత ఎక్కువుంటే పేలుడు అంత పెద్దది. అందుకని ఒకటో రెండో చాలు. కాంపొనెంట్లు దొరకడం కష్టం, వాటిని కూలర్‌కి, సోలార్‌కి దాచుకోండి.

వేట విషయంలో ఒక జాగ్రత్త. గుంపుగా తిరిగే మఫలోల మీద ఒక్క తూటా పేల్చారంటే గుంపంతా తిరగబడొచ్చు. బూమలోప్ అయితే చచ్చాక పేలి అడవి తగలబెడుతుంది. జింకలు, కుందేళ్లు చాలు మనకి.

వర్క్ ట్యాబ్ తెరవనివాడు కాలనీ నడపట్లేదు

చాలామంది కొత్తవాళ్లు ఈ ట్యాబ్‌లో టిక్కులతోనే నెట్టుకొస్తారు. పైన మాన్యువల్ అని ఉంటుంది, దాన్ని ఆన్ చెయ్యండి. టిక్కుల బదులు 1 నుంచి 4 దాకా అంకెలొస్తాయి. 1 అంటే అన్నిటికన్నా ముందు. ఒకే అంకె ఉన్న పనుల్లో ఎడమ పక్కది ముందు జరుగుతుంది. మంటలార్పడం, గాయపడితే మంచం మీద పడుకోవడం ముగ్గురికీ 1. డాక్టర్‌కి వైద్యం 1. వంటవాడికి వంట 1. ఎవరికో ఒకరికి మోత, ఊడుపు 2లో ఉండాలి, లేకపోతే కోసిన పంట పొలంలోనే కుళ్లిపోతుంది. పరిశోధన అందరికీ చివర.

వంటకీ వైద్యానికీ రెండో మనిషిని కూడా పెట్టండి, అంకె 3 అయినా సరే. డాక్టరే గాయపడితే ఏంటన్నది ముందే ఆలోచించాలి. అప్పటికప్పుడు ఆలోచిస్తే రక్తం ఆగదు.

దాడి రోజు, ఆ తర్వాతి మూడు రోజులు

మొదటి దాడికి సాధారణంగా ఒక్కడే వస్తాడు. మీ దగ్గర ఒక రైఫిల్, ఒక రివాల్వర్, ఒక కత్తి ఉంటాయి. గురి ఎక్కువున్న మనిషికి రైఫిల్. గోడ మూల పక్కన నిలబడి కాల్పించండి, ఆరుబయట కాదు. ఇంటి ముందున్న చెట్లు, బండరాళ్లు ముందే తీసేయించండి, లేదంటే మీ తూటాలకి వాడు వాటి చాటునే దాక్కుంటాడు. ఇద్దరు ముగ్గురు వచ్చేదాకా ఇంతకుమించి కోటలు అక్కర్లేదు. వచ్చినవాళ్లలో సగం మంది పడిపోతే మిగతావాళ్లు పారిపోతారు.

నా లెక్కలో అసలు పరీక్ష ఆ తర్వాతే. గాయపడిన మనిషి హెల్త్ ట్యాబ్ తెరిస్తే రక్తం పోయి చనిపోవడానికి ఎన్ని గంటలుందో రాసి ఉంటుంది. ముందు ఆ గాయానికే కట్టు కట్టించండి. కొన్ని గంటలకి గాయంలో ఇన్ఫెక్షన్ మొదలవ్వచ్చు. అప్పుడు రెండు అంకెలు పోటీ పడతాయి: ఇన్ఫెక్షన్ తీవ్రత, మనిషి రోగనిరోధక శక్తి. ఏది ముందు 100 చేరితే అది గెలుస్తుంది. ఇన్ఫెక్షన్ 74, ఇమ్యూనిటీ 71 అని చూస్తూ కూర్చోవడం ఎంత నరకమో ఆడినవాళ్లకే తెలుసు.

ఆ పోటీలో మీ చేతిలో ఉన్నవి కొన్నే. మనిషి మంచం దిగకూడదు. వేళకి తిండి అందాలి. గది శుభ్రంగా ఉండాలి. మంచి మందు వాడాలి. మొదట మీ దగ్గర ఉండేవి 30 మందులు, గీతలకీ దద్దుర్లకీ వాటిని తగలేస్తే ఈ రోజుకి మిగలవు. చిన్న గాయాలకి మూలికలు వాడమని సెట్ చేసి పెట్టండి. అడవిలో హీల్‌రూట్ మొక్కలు కనిపిస్తే కోయించండి, మీరు పండించాలంటే వ్యవసాయంలో 8 కావాలి. ఇన్ఫెక్షన్ చేతికో కాలికో ఉండి, అంకెలు మనవైపు లేవని తేలిపోతే ఆ అవయవం తీసేయడమే దారి. ఒంటికాలి రైతు నెమ్మదిగా నడుస్తాడు కానీ విత్తనం వేస్తాడు. అదే ఛాతీకి వస్తే కొయ్యడానికేం ఉండదు, ఎదురుచూడటమే.

ఇంకో ప్రశ్న కూడా అదే రోజు వస్తుంది. మీ వాకిట్లో దొంగ పడి ఉంటాడు, ఇంకా ఊపిరి ఉంది. బందీగా తీసుకుని బాగుచేస్తే, ఓపికగా మాట్లాడిస్తే, కొన్నాళ్లకి మీవాడవుతాడు. నాలుగో చెయ్యి. కానీ నాలుగో నోరు కూడా, ఇవాళ్టి నుంచే. డాక్టర్ ఒక్కరే ఉంటే, మీ మనిషి కూడా రక్తం ఓడుతుంటే, ఎవరిని ముందు చూడాలన్నది మీరే తేల్చాలి. నా పద్ధతి చెబుతాను: ఫ్రీజర్‌లో 15 భోజనాలు, తలుపున్న ఖాళీ గది, అందులో ఒక మంచం ఉంటేనే తీసుకుంటాను. లేకపోతే తీసుకోను. వాడి నైపుణ్యాల పట్టిక తెరిచి చూసి, వైద్యంలో 9 అని కనిపించాక కూడా ఈ మాట మీద నిలబడటం ఎంత కష్టమో మీరే చూస్తారు.

పొతే, చనిపోయినవాళ్లని బయట వదిలేయొద్దు. శవం కంట పడిన ప్రతిసారీ మనవాళ్ల మూడ్ పడుతుంది. ఇంటికి కాస్త దూరంగా, పొలానికి వెళ్లే దారి కాని చోట నాలుగైదు గోతులు ముందే తవ్వించి ఉంచండి. మీ ముగ్గురిలో ఒకరే పోతే వాళ్లతో చనువున్నవాళ్లు చాలా రోజులు కుంగిపోయి ఉంటారు. ఆ రోజులకి వాళ్ల పని తగ్గించండి, ఆడుకోవడానికి, తీరిగ్గా కూర్చోవడానికి టైమ్ టేబుల్‌లో గంటలు పెంచండి, వంట మానకుండా చూడండి. మనిషి పడినప్పుడు కథకుడు కూడా కొంచెం చెయ్యి తేలిక చేస్తాడు, తర్వాతి దాడి మరీ మీద పడిపోదు. ఈలోపు వరి కోతకొచ్చి ఉంటుంది. పోయిన మనిషి వర్క్ ట్యాబ్‌లో చేస్తున్న పనులు ఏవేవో గుర్తు తెచ్చుకుని, ఆ 1లు మిగతా ఇద్దరిలో ఎవరికి పెట్టాలో చూడండి.